చుక్కల హిసాబ్ కూడా మీజానే

పోయిన రంజాన్‌లో అమ్మీని ఓ దవాఖానాకు తీసుకెళ్లాం. రెండు రోజులుగా జ్వరం, నీరసం. మధ్యాహ్నం మూడింటికి సెలైన్ పెట్టారు. ఏడింటిదాకా నడుస్తుంది, అయ్యాక ఇంటికి వెళ్లొచ్చు అన్నారు సిస్టర్. ఇఫ్తార్ టైముకి ఇంట్లో ఉండాలని నా జల్దీ నాది. చాలామంది చేసేదే నేనూ చేశాను. సిస్టర్ అటు వెళ్లగానే ట్యూబు మీదున్న చిన్న చక్రాన్ని కొంచెం తిప్పాను. ఒక్కో చుక్కగా పడుతున్న సెలైన్ ధారలా దిగడం మొదలైంది.

పది నిమిషాల్లో సిస్టర్ తిరిగొచ్చారు. బాటిల్ వైపు చూశారు, నా వైపు చూశారు. చక్రాన్ని వెనక్కి తిప్పి, చేతి గడియారం చూసుకుంటూ నిమిషం పాటు చుక్కలు లెక్కపెట్టారు. తర్వాత నెమ్మదిగానే అన్నారు: "అమ్మగారికి గుండె వీక్ అని కేస్ షీట్‌లో ఉంది సార్. ఇది జోరుగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. నేను ఊరికే పెట్టలేదు, లెక్కగట్టి పెట్టాను."

షరమ్‌తో తల దించుకున్నాను. ఆ లెక్కేంటో చెప్పమని తర్వాత అడిగాను. చాలా సీదా హిసాబ్. 500 ఎమ్మెల్ సెలైన్ నాలుగు గంటల్లో, అంటే 240 నిమిషాల్లో ఎక్కాలి. ఆ సెట్‌లో 20 చుక్కలు కలిస్తే ఒక ఎమ్మెల్. 500ని 20తో గుణిస్తే 10,000 చుక్కలు. వాటిని 240తో భాగిస్తే నిమిషానికి దాదాపు 42. పిల్లలకు వాడే సన్నచుక్క సెట్ వేరు. అందులో 60 చుక్కలైతేగానీ ఒక ఎమ్మెల్ కాదు. దాన్ని కూడా అవే 42 చుక్కల మీద పెడితే నాలుగు గంటల బాటిల్‌కు దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. ఎమ్మెల్‌కు ఎన్ని చుక్కలో సెట్ ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. అది చదవకుండా హిసాబ్ మొదలే కాదు.

ఖురాన్‌లో ఒక సూరా పేరే ముతఫ్ఫిఫీన్. తూకంలో దగా చేసేవాళ్లు అని అర్థం. అది కిరాణా కొట్టువాళ్లకు చెప్పిన నసీహత్ అనుకుని మనం ముందుకెళ్లిపోతాం. నా మట్టుకు నాకు సెలైన్ ట్యూబు కూడా ఒక మీజానే అనిపిస్తుంది. దుకాణంలో కాంటా తప్పితే పోయేది పైసలు. ఇక్కడ తప్పితే జాన్ మీదికి వస్తుంది. దుకాణంలో తగ్గితేనే గునా. ఇక్కడ తగ్గినా నుక్సానే, పెరిగినా నుక్సానే.

మా ఆపా కూతురు జీఎన్‌ఎం రెండో సంవత్సరం చదువుతోంది. "మామూ, ఇంజెక్షన్ చేయడానికి భయం లేదు, హిసాబ్ అంటేనే డర్" అంటుంది. పుస్తకం తెరిచి చూపించింది. డాక్టర్ రాసింది 150 మిల్లీగ్రాములు. సీసాలో ఉన్నది 5 ఎమ్మెల్‌కు 250 మిల్లీగ్రాములు. ఎన్ని ఎమ్మెల్ ఇవ్వాలి? ఇంగ్లీషు ఫార్ములా బట్టీ పట్టి, మళ్లీ మర్చిపోయి ఏడుస్తోంది. నేను పుస్తకం మూసేసి అడిగాను: "షీర్ ఖుర్మాకు ఐదు గ్లాసుల పాలలో 250 గ్రాముల చక్కెర కలిపాం. 150 గ్రాముల చక్కెర ఎన్ని గ్లాసుల్లో ఉంటుంది బేటా?" ఠక్కున "మూడు" అంది. ఉర్దూ మీడియం బడిలో మా మాస్టర్ నిస్బత్, తనాసుబ్ అంటూ నేర్పింది ఇదే. జకాత్ కింద వందకు రెండున్నర తీసే ఇంట్లో పుట్టిన పిల్లకు హిసాబ్ రాదనడం ఝూట్. రానిది హిసాబ్ కాదు, దాన్ని చెప్పిన జబాన్.

అందుకే మన పిల్లలను నర్సింగ్‌కు పంపుతున్న అమ్మీఅబ్బాలకు నా గుజారిష్. "పాస్ అయితే చాలు, గల్ఫ్‌కు వెళ్లిపోతుంది" అనకండి. సర్టిఫికెట్‌తో పాటు ఈ హిసాబ్ చేతికి వచ్చిందా అని అడగండి. ఆషారియా చుక్క ఒక్కటి జరిగితే డోసు పది రెట్లు మారుతుంది. అరను '.5' అని రాస్తే చుక్క కనబడక ఐదనుకుంటారు. ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలన్న ఖాయిదా అందుకే వచ్చింది.

ఇక ఇంటి సంగతి. షుగర్ ఉన్న ఇళ్లలో ఇన్సులిన్ ఇచ్చేది సిస్టర్ కాదు, మనమే. ఎమ్మెల్‌కు 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజి. డాక్టర్ 20 యూనిట్లు రాశాడనుకోండి. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి బేహోష్ కావచ్చు. పిల్లల జ్వరం మందులోనూ ఇదే ఖతరా. చుక్కల మందులో ఒక్క ఎమ్మెల్‌కే 100 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. దాన్ని మామూలు సిరప్ అనుకుని 5 ఎమ్మెల్ చెంచాతో పడితే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. పది కిలోల పిల్లకు ఒక పూటకు ఇవ్వాల్సింది 150 లోపే. కాబట్టి మందు పేరుతో పాటు సీసా మీది అంకె కూడా చదవండి. పిల్ల బరువు డాక్టర్‌కు చెప్పండి.

దవాఖానాలో సెలైన్ చక్రాన్ని ముట్టుకోకండి. చుక్కలు ఆగినా, జోరుగా పడుతున్నా సిస్టర్‌ను పిలవండి. ఆమె మందు లెక్క కట్టుకుంటున్నప్పుడు పక్కన నిలబడి జల్దీ జల్దీ అనకండి. ఇంకో సిస్టర్‌ను పిలిచి లెక్క మరోసారి చూపించుకుంటే "ఈమెకు రాదేమో" అని షక్ పడకండి. తన హిసాబ్‌ను ఇంకొకరితో చూపించుకునే మనిషే అమానత్ అంటే ఏమిటో తెలిసిన మనిషి.

ఆ రోజు దవాఖానా మెట్ల దగ్గర ఖజూర్‌తో రోజా విప్పాను. అమ్మీ సెలైన్ ఏడు దాటాక అయిపోయింది. ఆలస్యానికి కారణం అడిగితే ఆమెకు నిజమే చెప్పాను. "ఆ పిల్లకు దువా చేస్తా" అంది, "నీకు అఖల్ రావాలని కూడా."