మంచివాళ్ళ నోటి మాట

నండూరి రామమోహనరావుగారి అనువాదం ద్వారా తెలుగువారికి ఏనాడో పరిచితమైన నవల మార్క్ ట్వేన్ 'హకిల్‌బెరీ ఫిన్'. అందులోని కొన్ని అధ్యాయాలను పెద్దల కోసం మళ్ళీ తెనిగిస్తూ, ఒక చిన్న సంభాషణ దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

హక్ అనే కుర్రవాడు తన ఆలస్యానికి సంజాయిషీగా, స్టీమరులో యంత్రం పేలిందని కట్టుకథ చెబుతాడు. ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని శాలీ పిన్ని ఆదుర్దాగా అడుగుతుంది. లేదనీ, ఒక నల్లవాడు మాత్రం చనిపోయాడనీ హక్ జవాబు. అదృష్టమే, ఒక్కొక్కప్పుడు మనుషులకు కూడా దెబ్బలు తగులుతాయి గదా అని ఆమె ఊరట చెందుతుంది.

నా తొలి ప్రతిలో ఆమె 'నిర్దయగా' అన్నదని వ్రాశాను, తరువాత కొట్టివేశాను. శాలీ పిన్ని నిర్దయురాలు కాదు. హక్‌ను తన అక్క కొడుకని పొరబడి, గుండెలకు హత్తుకున్న ఇల్లాలు. పారిపోయి పట్టుబడిన బానిస జిమ్‌ను ఆ ఇంటివారే గుడిసెలో గొలుసుతో కట్టి ఉంచుతారు. ఇంటి యజమాని వెళ్ళి అతనితో కలిసి ప్రార్థన చేస్తాడు. ఆమె వెళ్ళి, కడుపునిండా తింటున్నాడో లేదో కనుక్కుంటుంది. గొలుసు విప్పాలన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ రాదు. ట్వేన్ అధిక్షేపం దుర్మార్గుల మీద కాదు, ఈ మంచివాళ్ళ మీద.

హక్ కూడా ఆ సమాజపు బిడ్డే. బానిసకు తోడ్పడటం దొంగతనమనీ, పాపమనీ నమ్మినవాడు. జిమ్ ఆచూకీ తెలుపుతూ యజమానురాలికి ఉత్తరం వ్రాస్తాడు. తన నిద్ర చెడకూడదని తన వంతు కావలి కూడా జిమ్ కాసిన రాత్రులు గుర్తుకు వచ్చి, నరకానికైనా సిద్ధపడి దానిని చింపివేస్తాడు. తన జీవితంలోకెల్లా గొప్ప పనిని మహాపాపమని అనుకుంటాడు.

ఈ నవల ఇంగ్లండులో 1884లో, అమెరికాలో 1885లో వెలువడింది. అప్పటికి బానిసత్వం రద్దయి ఇరవై ఏళ్ళు. కాని 1877 తరువాత దక్షిణ రాష్ట్రాలలో నల్లవారి హక్కులు ఒక్కొక్కటే హరించుకుపోతున్నాయి. చట్టం మారినా శాలీ పిన్ని చూపు మారలేదు.

ఆ చూపు ట్వేన్ పుట్టి పెరిగిన మిస్సోరీదే. 1896లో ఆయన బొంబాయి వచ్చినప్పుడు, హోటలులో ఒక జర్మన్ దేశీయుడు కారణమైనా చెప్పకుండా భారతీయ నౌకరు దవడమీద కొట్టాడు. నౌకరు మారు మాటాడలేదు. ఆ క్షణాన ట్వేన్‌కు తన బాల్యం కళ్ళకు కట్టింది. పదేళ్ళ వయస్సులో, ఏదో పని మొరటుగా చేశాడని ఒక బానిస మీదకు ఒకడు ఇనుప రాయి విసరటం ఆయన చూశారు. గంటలో ఆ బానిస ప్రాణం పోయింది. ఊళ్ళో ఎవరూ దానిని మెచ్చలేదు. ఎవరూ పెద్దగా మాట్లాడనూ లేదు. 1897 నాటి యాత్రా గ్రంథంలో ఈ సంగతి ఆయనే వ్రాశారు.

మూలంలో 'నల్లవాడు' అన్నచోట ఉన్నది తిట్టుపదం. నవలలో అది రెండువందలకు పైగా సార్లు వస్తుంది. 2011లో ఒక ప్రచురణ దానిని 'బానిస' అని మార్చింది. తరగతిలో ఆ మాట వినవలసివచ్చే నల్లజాతి పిల్లల బాధ నిజమైనదే. అయినా శాలీ పిన్ని నోట ఆ మాట ఎంత అలవోకగా దొర్లుతుందో తెలియకపోతే, ట్వేన్ ఎవరిని పట్టి చూపుతున్నాడో తెలియదు.

చివరకు ఆమె మాటలను ఏ విశేషణమూ లేకుండా, ఇళ్ళలో మాట్లాడుకునే మామూలు తెలుగులో ఉంచాను. ప్రూఫులు దిద్దిన మిత్రుడు 'మనుషులకు కూడా' అన్నచోట పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి, ఏదైనా పొరపాటు దొర్లిందా అని అడిగారు. లేదు, అలాగే ఉంచండి అని వ్రాసి పంపాను.