భీమిలి అంటే సముద్రమేనా?

మాది ఎల్లారెడ్డి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగరమే మా పాలిటి సముద్రం. అందుచేత ఉత్తరాంధ్ర తీరాన కొండవాలులో ఒదిగిన భీమునిపట్నాన్ని చూడాలన్న కోరిక నాకు చిన్ననాటిది. మొన్న తీరింది. తీరాక కోపం మిగిలింది.

కోపం ఊరిమీద కాదు, నావంటి చూడవచ్చినవారి మీద. కామారెడ్డిలో రైలెక్కకముందే నాకందరూ చెప్పినది ఒక్కటే: "విశాఖ నుంచి బీచి రోడ్డున కారులో పోవాలి, ఆ దారే అందం." పోయాను. అందమే, కాదనను. కాని అందరూ ఇసుకలో దిగి, ఫొటోలు తీసుకుని, ముంత మసాలా తిని వెనుదిరుగుతున్నారే! 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరిది. ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. వర్తకానికి వచ్చి ఇక్కడే మట్టయిన డచ్చివారి (మన పెద్దలు వలందులనేవారు) సమాధులున్నాయి. పావురాళ్ళకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. గోస్తని సముద్రంలో కలిసేదీ ఇక్కడే. సమాధుల దగ్గర నేను కూర్చున్న గంటసేపట్లో అటు వచ్చినది ఒక మేక మాత్రమే.

"విహారానికి వెళ్ళినవాళ్ళకు చరిత్ర పాఠమెందుకండీ?" అంటారు. ఎందుకంటే, ఊరిని ఉత్త దృశ్యంగా చూసేవాడికి అందులో ఏది పోయినా తెలియదు. ఆ దారిలోనే ఋషికొండను 2021 తరువాత కట్టడాల కోసం తొలిచారు. భీమిలి పక్కనున్న ఎర్రమట్టి దిబ్బలు వేలయేళ్ళు గాలీ నీరూ కలిసి పేర్చినవి. జాతీయ భూవారసత్వ స్థలమన్న గుర్తింపు ఉండి కూడా, 2024లో వాటి దాపున యంత్రాలతో నేల చదును చేస్తున్నారని గొడవ జరిగింది. అక్కడ ఏయే సినిమాపాటలు తీశారో చెప్పగలవారికి ఈ సంగతి పట్టదు.

నీకెందుకీ బాధ అంటారా? మా నిజాంసాగరానికీ గేట్లెత్తిన రోజునే జనం వస్తారు. నీళ్ళు చూసి, కోడికూర వండుకు తిని, ప్లాస్టిక్ పళ్ళాలు గట్టునే పారేసి పోతారు. ఆ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు వారికి అక్కరలేదు. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయని అడిగినవాడు లేడు. మా తాతమ్మ పుట్టిల్లు వాటిలో ఒకటి.

2025 ఆగస్టు చివర వాన కామారెడ్డిని ముంచెత్తి, రైలుకట్టను కోసుకుపోయింది. మా బంధువుల ఇంట్లో మోకాటిలోతు బురద. ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి ఒక మిత్రుడి ఫోను: "గేట్లన్నీ ఎత్తారట కదా, ఆదివారం పిల్లలను తీసుకురమ్మంటావా?"

నేనేమన్నానో ఇక్కడ రాయదగినది కాదు.