తీగలు కనబడని టీవీ

బిలాస్‌పూరు రైల్వే కాలనీలలో బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి తెలుగు కుటుంబాలున్నాయి. ఇప్పుడు అక్కడి ఇళ్ళలోనూ టీవీ బల్ల దిగి గోడ ఎక్కింది. సెట్‌టాప్ పెట్టెనుండి వేలాడే తీగలే కంటికి నలుసు.

అమెరికా వారు చెప్పే ఉపాయం ఇక్కడ చెల్లదు. అక్కడి లోపలి గోడ చాలావరకు చట్రానికి బిగించిన జిప్సం పలక, నడుమ బోలు. పై రంధ్రంలో వదిలిన తీగ కింది రంధ్రంలో తేలుతుంది. మన గోడ నిండు ఇటుక. గాడి కొట్టి, ప్లాస్టిక్ గొట్టం అమర్చి, సిమెంటు పూయవలసిందే. ముప్పాతిక అంగుళం గొట్టమైతే శ్రమ వృథా. బొమ్మను మోసే హెచ్‌డీఎంఐ తీగ కొస అందులో దూరడం కష్టం. అంగుళంన్నర గొట్టం, విశాలమైన మలుపులు ఉండాలి. తీగ ఏనాడైనా చెడవచ్చును గనుక లోపల ఒక దారం వదలడం వివేకం.

అసలు ప్రమాదం కరెంటు తీగతోనే. టీవీతో వచ్చే మెత్తని తీగను గోడలో పూడ్చరాదు. దాని తొడుగు అందుకు చేసినది కాదు. అది చితికితే 230 వోల్టులు గోడలో పొంచి ఉన్నట్లే. టీవీ వెనుకనే ప్లగ్గు పెట్టించాలి. అది ఎలక్ట్రీషియను పని. ఇంటాయన చాతుర్యానికి చోటు కాదు.

పెట్టెను సైతం టీవీ వెనుక దాచాలని కొందరి ఉబలాటం. మామూలు రిమోటు పరారుణ కాంతి అడ్డు దాటి పోలేదు. పెట్టెకు గాలీ ఆడాలి. కింది అరలో ఉంచడమే మేలు.

మరి రైల్వే క్వార్టరు సంగతి? నేడో రేపో బదిలీ అయ్యేవారు గోడ తవ్వరాదు. ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ బిగించి, దానికీ గోడ రంగే వేస్తే చాలు.