అబ్బా నౌకరీయే విరాసతా?

మా మెట్టుగూడ రైల్వే ఖాందాన్లలో ఏ ఇంటికెళ్లినా ఒకటే దువా: అబ్బా నౌకరీ బేటాకి రావాలి. కొత్తగూడెం, గోదావరిఖని చుట్టాలదీ అదే మాట, డిపెండెంట్ ఉద్యోగం. (బేటీల సంగతి ఎవరూ ఎత్తరు.) ఆ ఖ్వాహిష్‌ను నేను కాదనను. దాన్నే విరాసత్ అనుకోవడం మీదే నా షికాయత్.

మన రెండు బస్తీలూ ఒకే వేరువి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. నిజాం రైలు అక్కడిదాకా వెళ్లింది. ఆ రైళ్ల మరమ్మతుకు 1893లో లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మజ్దూర్లు. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. బొగ్గు తగ్గలేదు భాయ్, ఓపెన్‌కాస్టులో మెషిన్లు తవ్వుతున్నాయి.

వేల్స్ దేశంలో రోండా అని ఒక లోయ. కొండ వాలున వరసగా అతుక్కున్న ఇళ్లు, ఊరూరా గని, అబ్బా వెనకే బేటా. 1984-85లో ఏడాది పాటు సమ్మె చేసినా గనులు నిలవలేదు. ఆఖరిది, మార్డీ, 1990లో మూతబడింది. నౌకరీ విరాసత్ అక్కడితో ఖతం.

కానీ ఆ లోయల మజ్దూర్లు ఇంకో పని చేశారు. జీతంలోంచి పైసా పైసా చందా వేసి లైబ్రరీలు, హాళ్లు కట్టుకున్నారు. ట్రెడెగార్ అనే ఊళ్లో ఆ చందాతోనే డాక్టర్లను పెట్టుకున్నారు. 13 ఏళ్లకే గనిలో దిగిన అనైరిన్ బెవన్ అక్కడి మజ్దూర్ల లైబ్రరీలో చదువుకున్నాడు. తర్వాత వజీరై, 1948లో బ్రిటన్ మొత్తానికి ముఫ్త్ ఇలాజ్ తెచ్చాడు. గని పోయింది, ఆ ఇలాజ్ ఇంకా నడుస్తోంది.

చందా మనకు కొత్తా? మినార్‌కు వేస్తాం, జల్సాకు వేస్తాం, ఇఫ్తార్‌కు పోటీపడి వేస్తాం. మాషాఅల్లా, వేయాలి కూడా. మరి మన పిల్లలు? కొత్తగూడెం నుంచొచ్చి తార్నాకలో ఇరుకు రూముల్లో నలుగురేసి ఉంటున్నారు. పోటీ పరీక్షలకు ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద కూర్చుని చదువుతున్నారు. బేటీలకు ఆ చెట్టు నీడ కూడా మగ్రిబ్ దాకానే.

మొహల్లాకొక రీడింగ్ రూం చాలు. నాలుగు బల్లలు, ఫ్యాను, తెలుగు-ఉర్దూ పేపర్లు, రాత్రి పది దాకా లైటు, బేటీలకు వేరే టైం. పింఛను తీసుకునే మన బుజుర్గులు తలా వంద వేస్తే కిరాయి వెళ్లిపోతుంది. వచ్చే జుమా తర్వాత మస్జిద్ కమిటీ ముందు ఈ మాట పెడతాను. మీ మొహల్లాలో మీరూ పెట్టండి.