జాబితాలో లేని ప్రయాణికుడి మాటేమిటి?

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న షాలిమార్ స్టేషను పేరు నేడు తెలుగు ప్రయాణికులకు కొత్త కాదు. 2022లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌ను హౌరా నుంచి అక్కడికి మార్చారు. 2023 జూన్ 2వ తేదీ మధ్యాహ్నం షాలిమార్ నుంచి చెన్నైకి బయలుదేరిన ఆ రైలు, రాత్రి 7 గంటల వేళ ఒడిశాలోని బహానగా బజార్ వద్ద లూప్ లైనులోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. పట్టాలు తప్పిన బోగీలు యశ్వంత్‌పూర్–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి బోగీలనూ దెబ్బతీశాయి. మృతుల సంఖ్య 290 దాటింది.

ప్రమాద కారణాలపై విస్తృతంగా చర్చ జరిగింది. ఇంతటి విపత్తులో ఎవరికి, ఏ సమాచారం, ఏ గంటకు, ఎవరు చెప్పాలన్న ప్రణాళిక రైల్వే యంత్రాంగం వద్ద ఎంతవరకు ఉన్నదన్న ప్రశ్న మాత్రం మరుగున పడిపోయింది.

ఏమీ చేయలేదనడం అన్యాయం. షాలిమార్, హౌరా, ఖరగ్‌పూర్ మొదలు విజయవాడ, చెన్నై వరకు సహాయ కేంద్రాలు తెరిచారు. ఒడిశా ప్రభుత్వం మృతుల ఛాయాచిత్రాలను, క్షతగాత్రుల జాబితాలను ఇంటర్నెట్‌లో ఉంచింది. అయితే రిజర్వేషను చేయించుకున్న వారి పేరు, ఫోను నంబరు రైల్వే దగ్గర ఉంటాయి. ఇంజిను వెనుకనే ఉన్న జనరల్ బోగీలలో ఎక్కినవారి పేర్లు ఎక్కడ ఉంటాయి? దక్షిణాదికి కూలి పనులకు వెళ్లే బెంగాల్, బీహార్ యువకులు ప్రయాణించేది ఆ బోగీలలోనే. సహాయ కేంద్రానికి ఫోను చేసిన తండ్రికి జాబితాలో పేరు లేదన్న జవాబు దొరికితే, అది ఊరటో, అశుభమో ఆయనకెలా తెలుస్తుంది?

అంకెల గందరగోళం దీనికి తోడైంది. మొదట 288 మంది మరణించారన్నారు. కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించామంటూ మరునాటికి దానిని 275కు తగ్గించారు. రెండు రోజులకు తిరిగి 288 అన్నారు. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఒకే మృతదేహం కోసం ఒకటికి మించిన కుటుంబాలు వచ్చిన సందర్భాలున్నాయి. డీఎన్ఏ పరీక్షల తర్వాత కూడా ఎవరూ రాని 28 భౌతికకాయాలకు అక్టోబరులో అంత్యక్రియలు జరిపించవలసి వచ్చింది.

సంస్థలోనే మాట అందనప్పుడు బయటివారికి అందుతుందని ఆశించలేము. 2022 మే 16న, షాలిమార్ ఉన్న హౌరా జిల్లాలోనే, బంక్రా నయాబాజ్ స్టేషనులో తప్పుడు వైరింగు కారణంగా సిగ్నలు చూపిన దారి ఒకటి, రైలు వెళ్లిన దారి మరొకటి అయ్యాయి. అప్పుడే సరిదిద్దుకొని ఉంటే బహానగా ప్రమాదం తప్పేదని రైల్వే భద్రతా కమిషనర్ తన నివేదికలో తేల్చారు. బహానగాలో పాయింట్ల అసాధారణ ప్రవర్తనను స్టేషను సిబ్బంది సిగ్నలింగ్ విభాగం దృష్టికి తెచ్చి ఉంటే లోపం బయటపడేదనీ ఆ నివేదిక పేర్కొన్నది. కింది ఉద్యోగి చెప్పిన మాట పైకి చేరే మార్గం, ఒక స్టేషను అనుభవం మరొక స్టేషనుకు చేరే మార్గం కూడా సమాచార ప్రణాళికలో భాగమే. మన సంస్థలలో ఆ ప్రణాళిక అంటే పత్రికా ప్రకటన అనే భావన ఇంకా పోలేదు!

జనరల్ టిక్కెట్టుపై పేరు రాయాలనడం తేలికే. షాలిమార్ కౌంటరు ముందు రద్దీని చూసినవారెవరూ ఆ సలహా ఇవ్వరు. చేయదగినవి వేరే ఉన్నాయి. కొత్త విషయం లేకపోయినా నిర్ణీత గంటకొకసారి ఒకే అధికారి ద్వారా ప్రకటన వెలువడాలి. రైలు సాగే నాలుగు రాష్ట్రాల భాషలతోపాటు హిందీలోనూ జవాబు చెప్పగలవారు సహాయ కేంద్రాలలో ఉండాలి. మృతుల ఛాయాచిత్రాలను ఇంటర్నెట్ అందుబాటులో లేనివారు చూసేందుకు బయలుదేరిన స్టేషనులోనే ఏర్పాటు జరగాలి. ప్రతి డివిజనులో యంత్ర సామగ్రితో సహాయ రైలును ఎలా సిద్ధంగా ఉంచుతారో, ఈ బృందాన్ని కూడా అలాగే ముందుగా నియమించి, ఏడాదికొకసారైనా కసరత్తు చేయించవలసి ఉన్నది.