శరత్తును అరువు తెచ్చుకొనే దుర్గతి ఎవరిది?

సెప్టెంబరు 22, 23 తేదీలలో వచ్చే విషువ దినాన ఎండుటాకులు, ఓక్ కాయలు, యాపిల్ పండ్లు పీఠంపై అమర్చి, కొవ్వొత్తి వెలిగించి, ప్రాచీన డ్రూయిడ్ సంప్రదాయం పేరిట శరదృతువును ఆహ్వానించే ఆచారం విదేశాలలోని మన యువతలో కొందరిని ఆకర్షిస్తున్నది. "పంతులుగారూ, దీనిని మన పద్ధతిలో చేయవచ్చునా?" అని ఒక భక్తుని కుమారుడు నన్నడిగాడు. ఆ ప్రశ్న విని పరిహసించిన పెద్దలకే ఈ వ్యాసం.

డ్రూయిడ్లు కెల్టు జాతుల పురోహితులు. వారికి ఓక్ వృక్షం పవిత్రమని ప్లినీ వ్రాశాడు. వారు తమ విద్యను గ్రంథస్థం చేయక కంఠస్థం చేయించేవారని, కొందరి అధ్యయనం ఇరవై సంవత్సరాలు సాగేదని జూలియస్ సీజరు వ్రాశాడు. పాఠశాలలో సంతలు చెప్పుకొంటూ పెరిగిన నాకు ఆ మాట పరాయిదిగా తోచలేదు. రోమను పాలనలో ఆ గురుపరంపర విచ్ఛిన్నమైనది. నేటి ఆచారాలు 18వ శతాబ్దం నుండి పునర్నిర్మించుకొన్నవి. ఈ శరద్విషువానికి 'మేబన్' అనే పేరు 1970ల నాటిది. పోగొట్టుకొన్నవారు వెదకుకొంటున్నారు. అందులో నవ్వవలసినదేమున్నది?

మనకు పరంపర తెగలేదు గదా! తైత్తిరీయ సంహిత శరత్తులోని రెండు మాసాలకు ఇషము, ఊర్జము అని పేర్లు పెట్టినది. అన్నరసము, బలము అని వాటి భావం. ఆగ్రయణేష్టిలో కొత్త వరిని దేవతలకు అర్పించిన పిదపనే గృహస్థు భుజించాలి. మన మన్యంలోని గిరిజనులు నేటికీ 'కొత్తలు' జరిపి, దేవతకు నివేదించనిదే కొత్త పంటను ముట్టరు. శ్రౌతసూత్రాలు వారికెవరు బోధించారు? పితృదేవతలకు మహాలయపక్షమున్నది. తులాసంక్రమణమే విషువ పుణ్యకాలం. దీపావళినాడు పిల్లలు త్రిప్పే గోగుకర్రల దివిటీలు, నాగులచవితి పుట్ట, ఆకాశదీపం, ఉసిరి నీడన భోజనం, ఇవన్నీ ఋతువును దేహంతో అనుభవింపజేసే కర్మలే.

పైగా ఎండుటాకుల పీఠం ఈ నేలకు పొసగదు. ఓక్ ఆకులు పండే వేళ చోడవరం పొలాలలో వరి పచ్చగా, చెరకు నిలువెత్తుగా ఉంటుంది. మనకు ఆకులు రాలేది శిశిరంలో. మన శరత్తు కావ్యాలలోని నిర్మలాకాశం మాత్రమే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలోని చెట్లను కూల్చినదీ శరత్తులోనే.

ఇక పరిహసించిన పెద్దల సంగతి. వారి కార్తిక వనసమారాధనకు కులం పేరిట కరపత్రం అచ్చవుతుంది. వనానికి బదులు కల్యాణమండపం. ఎక్కడినుండో నరికి తెచ్చిన ఉసిరికొమ్మను ఇసుక బకెట్‌లో గుచ్చి, "ధాత్రీపూజ కానివ్వండి" అంటారు. ప్రాణం పోతున్న కొమ్మకు ఆయురారోగ్యాల సంకల్పం! నదిలో అరటిదొప్పకు మారుగా థర్మాకోల్ దొప్ప. ఇది మేబన్ కంటే ఏ విధంగా శాస్త్రీయం? ఆ యువకుడు కనీసం రాలిన ఆకునే ఏరుకొన్నాడు.

"ఊరిలో ఉసిరిచెట్టు ఎక్కడున్నది పంతులుగారూ?" అంటారు. నా ఫిర్యాదూ అదే. ప్రతి ఏటా కొమ్మ నరకడానికి మనిషి దొరుకుతాడు, మొక్క నాటడానికి దొరకడు. కులానికొక విందు చేసే ధనంలో ఒక్క భాగంతో శారదా నది గట్టున తోటే వేయవచ్చును. ఊరంతా ఒకే పంక్తిలో కూర్చోవచ్చును. ఈ కార్తికం నుండి నరికిన కొమ్మకు నేను సంకల్పం చెప్పను. దక్షిణ తగ్గుతుందని ఇంట్లో హెచ్చరించారు. తగ్గనివ్వండి.

ఆ యువకునికి చెప్పిన సమాధానం ఇది: "నాయనా, నీ ఇంటి ముందరి ఓక్ చెట్టులోనూ వనస్పతి దేవతయే ఉన్నది, నీరు పోసి నమస్కరించు. పీఠం అమర్చే ముందు మీ తాతగారికి మహాలయంలో తిలోదకాలు విడిచావా లేదా చూసుకో. తిథిని మాత్రం నీవున్న ఊరి సూర్యోదయాన్నిబట్టి లెక్కించుకోవాలి, ఇక్కడి పంచాంగం చూసి అక్కడ తర్పణం చేయకు."