వాన లేకున్నా పారే గెడ్డల గురించి వినతిపత్రం

విశాఖపట్నం

గౌరవనీయులైన నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

విషయం: శుద్ధి కాని మురుగునీరు గెడ్డల ద్వారా సముద్రంలో కలవకుండా చర్యలు తీసుకోవాలని వినతి.



నడివేసవిలో చుక్క వాన లేకపోయినా మన గెడ్డలు పారుతూనే ఉంటాయి. కొండల మీద కురిసిన వానను సముద్రానికి చేర్చే దారులవి. ఎండాకాలంలో వాటిలో పారేది చాలావరకు ఇళ్లు, హోటళ్లు, అపార్టుమెంట్లు వదిలే మురుగే.

అలలు తెచ్చిన ఇసుక గెడ్డ మూతిని పూడ్చేస్తుంది. వెనక నల్లనీరు మడుగు కట్టి, పైన తెట్టు తేలి, జేసీబీ వచ్చి గండి కొట్టేదాకా కంపు కొడుతుంది. గండి కొట్టాక ఆ మడుగంతా పోయేది సముద్రంలోకే. అలివి వల లాగే మత్స్యకారులు నడుంలోతు నీళ్లలో నిలబడేది ఆ పక్కనే. సెలవు రోజుల్లో పిల్లలు మునకలేసేదీ అక్కడే.

కొత్త శుద్ధి కేంద్రాలకు శంకుస్థాపన చేయమని అడగడానికి మేం రాలేదు. అప్పూఘర్‌లోనూ, పాతనగరంలోనూ కేంద్రాలున్నాయి. మురుగు వాటిదాకా చేరాలన్నదే మా మొదటి కోరిక. భూగర్భ డ్రైనేజీ (యూజీడీ) లైను వీధిలోంచి పోతున్నా కనెక్షన్ తీసుకోని ఇళ్లున్నాయి. సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని పక్క కాలువలోకి వదిలేస్తే అడిగేవారు లేరు. వార్డులవారీగా సర్వే చేయించి, పేదల ఇళ్లకు కనెక్షన్ ఉచితంగా ఇప్పించండి. పెద్ద భవనాలకు మాత్రం గడువు పెట్టి, దాటితే జరిమానా వేయండి. ఈ పని పూర్తయ్యేలోగా, వాన లేని రోజుల్లో గెడ్డనీటిని మూతి దగ్గరే అడ్డుకట్టతో ఆపి పంపుల ద్వారా కేంద్రానికి మళ్లించాలి.

కేంద్రానికి చేరిన నీరు నిజంగా శుద్ధవుతోందా అన్నది మరో ప్రశ్న. మురుగులోకి గాలి ఊదే బ్లోయర్లు ఆగితే మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి అందదు. బ్లోయర్లు ఎన్ని గంటలు తిరిగాయో కరెంటు మీటరే చెబుతుంది. కాబట్టి రోజువారీ మీటరు రీడింగునూ, నీటి పరీక్ష ఫలితాలనూ కేంద్రం గేటు ముందు బోర్డు మీద తెలుగులో రాయించాలి. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ విధించిన ప్రమాణం ప్రకారం, శుద్ధి చేసి వదిలే నీటిలో మల సంబంధ కోలిఫారం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 1000 దాటకూడదు. స్నానానికి పనికొచ్చే సముద్రపు నీటికి పెట్టిన హద్దు మాత్రం 100. అంటే ప్రమాణం పాటించిన నీటిని కూడా స్నానాల రేవు పక్కన వదలడం తగదు.

ఆ నీటిని సముద్రంలో పారబోయనక్కర్లేదు కూడా. తాగునీటి కోసం ఏలేరు కాలువ మీద ఆధారపడే నగరం మనది. ఓడరేవులో బొగ్గు ధూళి అణచడానికీ, పరిశ్రమల కూలింగ్‌కూ, పార్కులకూ శుద్ధి చేసిన మురుగునీరే ఇవ్వాలి.

ఇక రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నిషేధించింది. కాంట్రాక్టు కార్మికుల విషయంలోనూ అది అక్షరాలా అమలు కావాలి. పూడిక యంత్రాలతోనే తీయించాలి.

శుద్ధి కేంద్రాల ఏర్పాటుకు సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో మూడేళ్ల గడువిచ్చింది. అది ఎప్పుడో దాటిపోయింది. వచ్చే వేసవికి ముందే గెడ్డ మూతుల దగ్గర మళ్లింపు పనులు మొదలుపెట్టించి, మత్స్యకారుల ప్రతినిధుల సమక్షంలో నీటి నమూనాలు తీయించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
తీరప్రాంత మత్స్యకార కుటుంబాలు, బీచ్‌రోడ్డు చిరువ్యాపారులు, నగర పౌరులు